రిషిత పేరు మీద జ్వరం

మెమో సంగతి తర్వాత చూద్దాంగని దామోదర్ సారూ, ముందుగాల నా గోడలు చూడుండ్రి. ఏడుపాయల జాతరకని సున్నమేసుకున్న. మీ మలేరియా ఆఫీసోళ్లొచ్చి ఇంటింటికి దోమల మందు కొట్టి గోడలన్ని మరకలు చేసిపోయిండ్రు. గల్లీ మొత్తం ఒకటే వాసన.

కూసోండ్రి. చాయ తాగుతరా? వద్దా? పోనీ, నిలబడే ఇనుండ్రి.

అవును, అబద్ధమే రాసిన. రక్తం స్లైడు మీద నా మనుమరాలి పేరు రాసిన. రిషిత, ఆరేండ్లు, మెదక్. అగో, ఆడుకుంటనే ఉంది. జ్వరం లేదు గిరం లేదు. ఆ రక్తం దానిది కాదు. హవేలిఘనపూర్ తొవ్వల ఇటుకబట్టీ లేదా, ఒడిశా నుంచొచ్చినోళ్లు పనిచేస్తరు. ఆడ సబిత అని ఓ పిల్ల. దానిది.

ఎందుకు రాసినవంటరా? పదమూడేండ్ల సంది ఆశా పని చేస్తున్న. ఈ రాజమణి ఏనాడన్న ఒక్క తప్పు రాసిందా? నెల కింద అదే బట్టీల సబిత చెల్లె చలిజ్వరంతోని వణికింది. మూడేండ్లది. నా తాన పరీక్ష కిట్లు అయిపోయినయి, స్లైడే దిక్కు. ఉన్నదున్నట్టు రాసి పంపిన. మీ ఆఫీసుకెళ్లి ఏమొచ్చింది? ఆధార్ ఈడిది కాదు, ఇంటి నంబరు లేదు, మా లిస్టుల రాదు అని ఎనక్కొచ్చింది. దవాఖానకు తీస్కపోదామంటే బట్టీ సేటు బండియ్యలే. నేను ఆటో మాట్లాడుకోని పోయేటాల్లకు పిల్ల పోయింది సారూ.

మల్ల అదే జ్వరం పెద్దదానికొచ్చింది. ఏం చెయ్యమంటరు? ఈసారి రిషిత అని రాసిన. తెల్లారే రిపోర్టు వచ్చింది. గోలీలొచ్చినయి, మూడు దోమతెరలొచ్చినయి, మందు కొట్టెటోళ్లొచ్చిండ్రు. గోలీలు సబిత మింగింది, బతికింది. తెరలు తీస్కపోయి బట్టీల కట్టిన. గోడలకు కొట్టిన మందు మాత్రం మోస్కపోరాదాయె. జ్వరం ఆడుంటే మందు ఈడ కొట్టించిన. గదొక్కటి నా తప్పు, ఒప్పుకుంటున్న.

ట్రైనింగుల మీరే చెప్పిండ్రు కద, పిల్లలకు మలేరియా టీకా వచ్చిందని, మన దేశంల గూడ తయారుచేసి ఆఫ్రికాకు పంపుతరని. ఆడ గూడ అందరికి అందుతలేదన్నరు. ఆ తల్లులు ఎవల గుమ్మంల నిలబడి బతిలాడుతున్నరో. ఈడ చూస్తే ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత. ఒక్క దోమతెర కావాల్నంటే పిల్ల పేరే మార్చాలె.

తీసెయ్యుండ్రి నన్ను. గా కాగితం ఇటియ్యుండ్రి, దస్తకత్ పెడ్త. నాకేం భయం లేదు. బట్టీకి మాత్రం రేపే మందు కొట్టించుండ్రి. ఇరవై రెండు మంది పిల్లలున్నరు ఆడ.

ఏందీ? పైకెళ్లి ఆర్డరు రావాల్నా?

అయితే గిది చూడుండ్రి. పొద్దుగాల తీసిన స్లైడు. ఇంకో పిల్ల, ఐదేండ్లది, నిన్నటి సంది వణుకుతుంది. పేరు జాగ ఖాళీగ ఉంచిన. రిషితకు మల్ల జ్వరమంటే మీరు నమ్మరాయె.

మీ ఇంట్ల గూడ చిన్నపిల్ల ఉంది కద సారూ. పేరేంది? చెప్పుండ్రి, రాస్త.