రెండో మైకు

కళ్లద్దాల దుకాణం వెనకగది. చెల్లెలు అద్దాలు అరగదీస్తోంది. మైకులు తగిలించే సౌండు పెట్టె చంకన పెట్టుకొని, పొద్దున్నే మండిపడుతూ వచ్చాడు అన్న.

“పాతది పెట్టు. ఇంకేం మాట్లాడకు. మొన్న మార్చావే, ఆ డ్రైవరు తీసేసి పాతది పెట్టు!”

“ఉండన్నయ్యా, చేతిలో ఎవరిదో ఎడమ కంటి అద్దం ఉంది. పగిలితే మా ఓనరు నన్ను అరగదీస్తాడు. ఆఁ, ఇప్పుడు చెప్పు. పెట్టె పనిచెయ్యట్లేదా?”

“పనిచేస్తోంది! అదే గోల. నాటకం రికార్డు చేస్తుంటే మీ వదిన గొంతు నా గొంతు మీదెక్కి కూర్చుంటోంది. నాది తుస్సుమంటోంది.”

“నీది తగ్గలేదన్నయ్యా.”

“తగ్గలేదా? నాకు చెవులు లేవా?”

“వదినదే పెరిగింది. అంటే... పెరగడమంటే... ఉండాల్సినంత అయింది.”

“నీళ్లు నమలకు.”

“నమలట్లేదు. ఆ పెట్టె చేసిన కంపెనీ దాన్ని గాలికొదిలేస్తే, దాన్ని కంప్యూటరుతో మాట్లాడించే డ్రైవరు రాసిందెవరు? మేం నలుగురమేగా, సాయంత్రాలు కూర్చుని, ఊరికే—”

“ఆ సోది తర్వాత. ఏం జరిగిందో చెప్పు.”

“డ్రైవరులో చిన్న తప్పు దొర్లింది. రెండో మైకులోంచి వచ్చేదాన్ని సగానికి సగం కోసేస్తూ వచ్చింది. మొన్నే దిద్దేశాం.”

“ఎన్నాళ్లుగా కోస్తూ వచ్చింది?”

“కొన్నాళ్లుగా.”

“ఎన్నాళ్లే?”

“ఆరేళ్లు.”

“ఆరేళ్లా! ఎవడా దద్దమ్మ?”

“ఎవరో ఒకరులే. తప్పులు అందరం చేస్తాం.”

“ఎవరని అడుగుతున్నా.”

“నేనే! సరేనా? అప్పట్లో నా దగ్గర ఒక్కటే మైకుండేది. మొదటి సాకెట్లో పెట్టి చూశా, గణగణా పలికింది. రెండోదీ అలాగే పలుకుతుందిలే అనుకున్నా.”

“అనుకున్నావా!”

“తీసి అంగుళం పక్కన పెడితే తెలిసిపోయేది. పెట్టలేదు. ఇప్పుడు ఆ డ్రైవరు వాడే నాలుగొందల మంది నన్ను ఉతికి ఆరేస్తున్నారు. ఒకాయనైతే, గొంతు లేదని తమ్ముణ్ణి పాటల బృందంలోంచే తీసేశాడట. పాపం, ఇప్పుడు బతిమాలుకుంటున్నాడు.”

“వాళ్ల గోల నాకెందుకు? సోమవారం రాణి వేషానికి బయటావిడ వస్తోంది. ఈలోపు నా పెట్టె నాకు ఎప్పట్లా కావాలి.”

“బయటావిడెందుకు? వదిన వెయ్యదా?”

“మీ వదినా? రాణా? గొంతు లేస్తేగా! దాసీ వేషాలకైతే సరే. ‘గట్టిగా, ఇంకా గట్టిగా’ అని అరిచి అరిచి నా నోరు పడిపోయింది. ఆరేళ్లలో మీటరు ముల్లు సగం దాటితే ఒట్టు!”

“ఏమన్నావ్?”

“సగం దాటదన్నా.”

“ఎలా దాటుతుందన్నయ్యా, సగం నేను కోసేస్తుంటే? వదిన కూర్చునేది ఏ మైకు దగ్గర?”

“రెండో...”

“చెప్పు, చెప్పు.”

“ఉండవే. తిండి తినే వచ్చావా అని కూడా అన్నానే. అందరి ముందూ. రోజూ అన్నానే!”

“నేనూ పక్కనుండి నవ్వాన్లే. సిగ్గేస్తోంది.”

“ఇంతకీ ఈ తప్పు పట్టుకున్నదెవరు? నువ్వైతే కాదు.”

“ఎవరో, మొహం తెలీదు. నెట్లో మా డ్రైవరు పేజీలో ఫిర్యాదు పెట్టారు. నీ మైకే చెడిపోయుంటుంది పొమ్మన్నా. మళ్లీ పెట్టారు. వైరు చూసుకో అన్నా. మూడోసారి వైర్లు అటూ ఇటూ మార్చి, ఒకే మాట రెండు మైకుల్లోనూ పలికి, పద్నాలుగు రికార్డింగులు పంపారు. దాంతో నోరు మూసుకొని దిద్దా. తప్పు పట్టుకున్నవాళ్ల పేరు ఆ మార్పు కిందే రాయడం మా పద్ధతి. అదీ రాశా.”

“ఏం పేరు?”

“ముద్దుపేరేదో పెట్టుకున్నారు. చూడు: ‘రిపోర్టు చేసినవారు, మూడో దాసి’. అన్నయ్యా! ఆ స్టూలు మీద కూలబడకు, దాని కాలు విరిగింది!”

“ఆ పద్నాలుగింట్లో ఒకటి వినిపించు.”

“వినిపించడమా? నేనూ వినలేదు. తెర మీద శబ్దం గీతలు చూస్తే చాలు, ఎత్తెంతో తెలిసిపోతుంది.”

“వినిపించవే తల్లీ!”

“ఇదిగో.”

“‘మహారాణీ, రథం సిద్ధం!’”

“అయ్యయ్యో! అన్నయ్యా, ఇది వదిన!”

“ఇంకోసారి పెట్టు.”

“‘మహారాణీ, రథం సిద్ధం!’”

“ఏం గొంతే ఇది! ఇన్నాళ్లూ ఇంట్లో పెట్టుకొని... ఫోను చెయ్. స్పీకరు పెట్టు.”

“హలో వదినా! ఆ మూడో దాసివి నువ్వా? నాతో ఒక్క మాట అంటే పోయేదిగా!”

“ఆడపడుచుతో అంటే మొగుడి మీద చాడీ అవుతుంది అమ్మాయ్. అక్కడ పెడితే రిపోర్టు అవుతుంది.”

“ఏమోయ్, నేను. తప్పైపోయింది. నిన్ను నానా మాటలూ అన్నాను. మనసు అదోలా అయిపోయింది.”

“ఇంటికొచ్చాక తీరిగ్గా బాధపడుదురుగాని. పాతది పెట్టించేశారా?”

“పాతదా? ఎవడడిగాడు?”

“అడగడానికేగా పరిగెత్తారు.”

“అదంతా వదిలెయ్. రాణివి నువ్వే. ఆ బయటావిడకి ఇప్పుడే ఫోన్ చేసి, సోమవారం రావద్దని నేనే చెబుతా.”

“అయ్యో, అంత పని చెయ్యకండి. మీరు గుమ్మం దాటగానే ఆవిడతో నేను మాట్లాడేశాను. మూడో దాసి వేషానికి ఒప్పుకుంది పాపం.”