అతుకు పక్కన నంబరు

కాలేజీ వర్క్‌షాపులో వెల్డింగ్ మాస్టారు రెండు ఇనప పలకలు బల్ల మీద పెట్టాడు. ఎదురుగా ఫ్యాక్టరీ ఫోర్‌మన్, గుమ్మం దగ్గర అతని పనివాళ్లు నిలబడి ఉన్నారు. పన్నెండేళ్ల కిందట మాస్టార్ని ఆ ఫ్యాక్టరీ ఉద్యోగంలోంచి గెంటించింది ఈ ఫోర్‌మనే.

"ఏమోయ్, నాకూ పరీక్షేనా? మావాళ్లని చేర్పించి పోదామని వచ్చాను."

"మీ కంపెనీ, మా కాలేజీ రాసుకున్న ఒప్పందమండీ. వెల్డింగ్ టార్చి పట్టే ప్రతివాడూ ఇక్కడ పాసవ్వాలి, ఫోర్‌మన్‌తో సహా."

"ఆ 'సహా' ఎవరు రాయించారు?"

"నేనే."

"అంటే, పాత కక్ష కడుపులో పెట్టుకున్నావన్నమాట."

"మరి? ఎవరు అతికితే వాళ్ల వెల్డర్ నంబరు అతుకు పక్కన ఇనుము మీద అచ్చు కొట్టాలి. ఆ రోజు పగిలిన అతుకు మీది, దాని పక్కన మీరు కొట్టిన నంబరు నాది. ఇంటికి పోయింది నేను."

"ఎప్పటి సంగతో ఇప్పుడు తవ్వుతావేం?"

"తవ్వనులెండి. అతికి, ఈసారి మీ నంబరే కొట్టండి. ఇదిగో సుత్తి, ఇవిగో అంకెల అచ్చులు."

అరగంట తర్వాత అతుకు గట్టిదో కాదో చూడ్డానికి ఆ ముక్కని ప్రెస్సులో పెట్టి వంచారు. సగం వంగకముందే అతుకు టప్పున విచ్చుకుంది.

"నంబరు చదవండి."

"పదిహేడు."

"గట్టిగా. గుమ్మం దగ్గర మీవాళ్లకి వినబడాలి."

"పదిహేడు! నాదే! ఇంకో అవకాశం ఇప్పించండి, మాస్టారూ."

"భలేవారే, ఎందుకివ్వను? మూడు నెలలు నా క్లాసులో కూర్చుంటే మళ్లీ పరీక్ష. మొదటి పాఠం ఏటా మీ కథతోనే మొదలుపెడతాను. పేరు చెప్పను. ఈసారి మీరే ముందు బెంచీలో కూర్చుని విందురుగాని."