తాతగారు కదలని చోటు

ఒడ్డు కనుమరుగై చాలాసేపయింది. తెరచాప పడవను అద్దెకు తీసుకున్న కుటుంబం ముందువైపు పాటలు పాడుతోంది. వెనక చుక్కాని పట్టుకున్న పడవాయనా, మూలన కూర్చున్న ఆ ఇంటి తాతగారూ ఉన్నారు.

“తాతగారూ, గాలి మళ్లింది. పడవ ఒరుగుతోంది, ఇటు పక్కకి రండి.”

“నేను కదలను నాయనా.”

“అందరూ మారారు కదండీ! భయమా?”

“భయమే. ఈ పడవ కొని ఎన్నాళ్లయింది?”

“పదకొండేళ్లు. ఏం?”

“అప్పుడు ఆకుపచ్చ రంగు.”

“మీకెలా తెలుసు?”

“నేను పడవల వడ్రంగిని. అమ్మేముందు పాత యజమాని నా దగ్గరికే తెచ్చాడు. అడుగు పలక ఒకటి పుచ్చిపోయింది. మార్చాలన్నాను. అమ్ముడుపోయేదాకా ఆగితే చాలన్నాడు. లప్పం కూరి రంగేశాను.”

“లప్పమా! నడిసముద్రంలోనా చెప్పడం?”

“బయల్దేరాక, బల్ల కింద నా ఉలి గుర్తు చేతికి తగిలింది. మనవరాళ్ల ముందు నోరు రాలేదు.”

“నా పిల్లలు ఈత నేర్చుకున్నది దీంట్లోంచి దూకేనండీ! పైన పటారం, లోన లొటారం అని ఆనాడే ఒక్కమాట చెప్పకపోయారా!”

“ఆ లప్పం నెల ఆగితే గొప్పనుకున్నాను.”

“ఏటా రంగేస్తున్నాను, గట్టిదే అనుకున్నాను... ఏదా పలక? లేవండి, చూడాలి!”

“లేవకూడదు. మడమతో దాన్నే అదిమి పట్టుకున్నాను.”

“ఎప్పట్నించి?”

“బూటు తడిసినప్పట్నించి. నువ్వు పడవ వెనక్కి తిప్పు. వాళ్లని పాడుకోనీ.”