డ్రెయిన్ బోల్టు మీద సింధూరం

నా పేరు సరళాదేవి. వయస్సు డెబ్బై ఒకటి. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరుగా రిటైరయ్యాను. చెన్నూరులో మనుమరాలు స్నిగ్ధతో ఉంటున్నాను.

గోదావరి ఒడ్డున నాకు పొలం ఉంది. అక్కడికి కరెంటు లైను లేదు. ఐదు హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్‌తోనే వరికి నీళ్లు పెడతాము. పొలం చూసేది నా తమ్ముడు శ్యాంసుందర్‌రావు. మా అమ్మ పోయాక వాడిని నేనే పెంచాను. ఇప్పుడు వాడు ఆంజనేయస్వామి దీక్షలో ఉన్నాడు. మాల వేసిన రోజు నుంచి అక్కనైన నేను కూడా వాడిని స్వామీ అనే పిలుస్తున్నాను.

మార్చి 18న మెకానిక్ వెంకటి నా ఎదుటే ఇంజన్ సర్వీసు చేశాడు. కాసేపు నడిపి, వేడి మీద పాత నూనె దించాడు. ఫిల్టర్ మార్చాడు. అడుగున నూనె దించే డ్రెయిన్ బోల్టు కింద, నూనె కారకుండా, కొత్త వాషర్ వేయడం మాత్రం నేను చూడలేదు. ఆ సమయంలో ఫిల్టర్ డబ్బా మీది తేదీ చదువుతున్నాను. కొత్త నూనె పోశాక గేజి పుల్ల తీసి చూశాను. పై గీత దాకా ఉంది. బోల్టు తుడిచి కుంకుమ బొట్టు పెట్టాను. సర్వీసు అయిన ప్రతిసారీ పెడతాను.

"ఇంజన్‌కు ఇగ దిష్టి తగలది, టీచరమ్మా" అని వెంకటి నవ్వాడు.

"దిష్టికి కాదు వెంకటీ. ఎవలన్న పాన పెట్టి బోల్టు ఇప్పితె నాకు తెలువాలె" అన్నాను.

మార్చి 21 ఉదయం నీళ్లు పారుతుండగా ఇంజన్ బిగుసుకుపోయింది. హ్యాండిల్ తిరగలేదు. గేజి పుల్ల పొడిగా వచ్చింది. కింద ఇసుక నూనెతో తడిసి ఉంది. తమ్ముడు, "వెంకటి పాత వాషరే ఏసిండక్కా. నూనంత కారిపోయింది" అన్నాడు.

"బోల్టు నువ్వు ముట్టినవా, స్వామీ?"

"మాల మీదున్న. నేను ముట్టలే."

మాల మీద ఉన్నవాడిని రెండోసారి అడగకూడదు. అడగలేదు. వంగి బోల్టు కూడా చూడలేదు. ముట్టలేదన్నాడు కనుక చూడలేదు. వెంకటి మీద ఫిర్యాదు నేనే రాసి స్టేషన్‌లో ఇచ్చాను. వెంకటి మా గేటు దగ్గరికి వచ్చి, "వాషర్ కొత్తదే ఏసిన టీచరమ్మా. ఊర్ల ఎవలు పని ఇస్తలేరు" అన్నాడు. నేను తలుపు తీయలేదు.

నిన్న, అనగా 26న, స్నిగ్ధ నాతో పొలానికి వచ్చింది. ఇంజన్ కిందికి వంగి, "అమ్మమ్మా, నీ ఇంజన్ గూడ మాలేసుకుందా? బొట్టు కాషాయమైంది" అంది.

నేను వంగి చూశాను. నేను పెట్టింది ఎర్ర కుంకుమ. బోల్టు మీద ఉన్నది సింధూరం. మా పొలంలో సింధూరం ఉండేది తమ్ముడి భుజం సంచిలోనే.

వాడు ఒడ్డు మీద కూర్చుని ఉన్నాడు. "గీ సింధూరం ఎవలిది?" అని అడిగాను. మొదట ఏమో అన్నాడు. తరువాత తల దించుకొని చెప్పాడు.

"ఇటుక బట్టీకి భూమి ఇయ్యనంటివి. ఒక్క పంట ఎండితె ఒప్పుకుంటవనుకున్న. నూనె నేనే దించిన. పాన తగిలి నీ బొట్టు చెరిగింది. బొట్టు లేకుంటె నువ్వు పసిగడ్తవని సంచిలకెంచి తీసి పెట్టిన."

"మాల మీద ఉండి నాతోని అబద్ధమాడినవా?"

"మాల మీదుంటెనే గద నువ్వు నమ్ముతవ్, అక్కా."

నేను వరి దగ్గరికి నడిచాను. వరి పాలు పోసుకుంటున్న దశలో ఉంది. మడిలో నీళ్లు లేవు.

వెంకటి మీద ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. అతని ఇంటికి వెళ్లి, నలుగురి ముందు చెప్పి, ఇంజన్ మళ్లీ అతని చేతికే ఇస్తాను. తమ్ముడి మీద కేసు రాయమంటారా అని స్టేషన్‌లో మీరు అడిగారు. రాయండి. నాకేమవుతాడని అడిగారు. తమ్ముడు. పేరు పక్కన స్వామి అని మాత్రం రాయకండి.

ఇది నేను చెప్పగా రాసినది. కళ్లద్దాలు పెట్టుకొని నేనే చదువుకున్నాను. ఎవరి బలవంతమూ లేదు. నాకు తెలిసినంతవరకు ఇందులో ప్రతి మాటా నిజం.

(సంతకం) సరళాదేవి
చెన్నూరు, 27-03-2025