తోట పిల్లలది: శ్రీమతి మేత్కా జలోకార్ గారికి అభినందన

1988 సెప్టెంబరు ఒకటవ తేదీన శ్రీమతి మేత్కా జలోకార్ గారు స్లోవేనియాలోని మా జగోర్నిక పాఠశాలలో జీవశాస్త్ర ఉపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించారు. ఆ మర్నాడే వ్యాయామశాల వెనుకనున్న రాళ్లగుట్టను చూపించి, "ఇది నాకిచ్చేయండి" అని ప్రధానోపాధ్యాయులను అడిగారట!

రెండేళ్లలో ఆ గుట్ట తోటగా రూపుదిద్దుకుంది. 1996 నుండి ప్రతి మడికీ ఒక విద్యార్థి బృందం, ఆ బృందం తానే ఎన్నుకున్న నాయకుడో నాయకురాలో ఉండే పద్ధతిని వారు ప్రవేశపెట్టారు. సలహా ఒక్కసారే చెప్పి, నిర్ణయాన్ని పిల్లలకే విడిచిపెట్టడం వారి నియమం. గణితం బోధించే నాకు ఈ నియమం బొత్తిగా మింగుడుపడలేదు, దాచడమెందుకు!

మే నెల నడుమ, చివరి గడ్డమంచు కురిసే రోజులుగా పేరుపడ్డ 'మంచు మునుల' పండుగలు దాటనిదే మా ప్రాంతంలో ఎవరూ టమాటా నారు బయట పెట్టరు. 2011లో ఎండలు ముందే కాయడంతో, పదమూడేళ్ల నాయకురాలు నేజా ఏప్రిల్‌లోనే అరవై మొక్కలు నాటించేసింది. నేను మేత్కా గారి మీద మండిపడ్డాను.

"మీరెందుకు ఆపలేదండీ?"

"ఒకసారి చెప్పాను మాస్టారూ. పిల్లలు చేతులెత్తి ఓటేసి తేల్చుకున్నారు. తోట వాళ్లది."

"మొక్కలు చచ్చిపోతే?"

"మళ్లీ నారు పోస్తాం. నేనిప్పుడు ఆ నిర్ణయం లాక్కుంటే ఆ పిల్ల ఇంకెప్పుడూ నోరెత్తదు."

మే పన్నెండు మధ్యాహ్నం, తెల్లవారేసరికి గడ్డమంచు కురుస్తుందని రేడియోలో చెప్పారు. బృందమంతా నేజా మీద విరుచుకుపడింది. "చెప్తే విన్నావా? అంతా నీ తొందరే!" అన్నాడు బృందంలోని తిలెన్. నేజా ఏడుపు లంకించుకుంది.

"ఏడవడానికి తర్వాత బోలెడు టైముంది తల్లీ. ముందు ఏం చేద్దామో చెప్పు," అన్నారు మేత్కా గారు.

నేజా ముక్కు తుడుచుకుంది. "తప్పు నాదే. కానీ నా ఒక్కదాని వల్ల కాదు. బకెట్లు, దుప్పట్లు, ఏది దొరికితే అది పట్టుకురండ్రా!"

అబ్బ, ఏమి పరుగులు! గంటలో బకెట్లు, జామ్ డబ్బాలు, చివరికి తిలెన్ వాళ్ల అమ్మమ్మ లంగా కూడా వచ్చేశాయి. ఉపాధ్యాయుల గది కర్టెన్లు పీకి ఇచ్చిన దొంగను నేనేనని నేడు సవినయంగా ఒప్పుకుంటున్నాను. పొద్దుగుంకేలోపు అరవై మొక్కలకూ ముసుగులు పడ్డాయి.

ఉదయం చూస్తే పదకొండు నల్లగా వాలిపోయాయి, నలభై తొమ్మిది నిలిచాయి!

"నన్ను తీసేయండి," అంది నేజా తలవంచుకుని.

"తీసేస్తే ఆ పదకొండూ ఎవరు నాటుతారే? నువ్వే ఉండు. కాకపోతే ఈసారి మేం చెప్తే విను," అన్నాడు తిలెన్. చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. మేత్కా గారు అటు తిరిగి, లేని కలుపు పీకుతూ కళ్లు తుడుచుకున్నారు. నా ఆనందం చెప్పనలవి కాదు!

ఆనాటి నుండి నల్లబల్ల దగ్గర లెక్క తప్పుతున్న పిల్లలను మధ్యలో ఆపడం నేనూ మానేశాను.

ముప్పై ఏడేళ్ల సేవ అనంతరం ఈ ఆగస్టు ముప్పై ఒకటిన పదవీ విరమణ చేస్తున్న మేత్కా గారూ, మీరు నిండు ఆరోగ్యంతో, మనశ్శాంతితో చిరకాలం వర్ధిల్లాలి. మీరు లేకుండా మేము తప్పులు చేస్తాము, దయచేసి చేయనివ్వండి.

— రాయ్‌కో ప్రెగెల్, గణితోపాధ్యాయుడు