ముప్పై రోజుల కాగితం

ఫ్రాన్స్ సరిహద్దు దాటగానే ఆపిన పోలీసు, కాగితం చూసి పంపేశాడు. నెదర్లాండ్స్ నంబరున్న ఆ బండిలో మొగుడూ పెళ్లాం ఇంటి నుంచి తెచ్చుకున్న జున్ను రొట్టెలు విప్పారు.

"నా కాళ్ల నొప్పికి వాడే గంజాయి నూనె సీసా చేతిలోనే ఉన్నా ఏమీ అనలేదు, చూశావా?" అన్నాడు మొగుడు.

"నీ మొహం చూసి కాదులే. మందు వెంట తీసుకెళ్లొచ్చని కాగితం మీదున్న డాక్టరు సంతకం, సర్కారు ముద్ర చూసి."

"పోయినేడు పోలీసులకి భయపడి ఈ మందు ఇంట్లో వదిలేశాం. నా కాళ్లు బిగుసుకుపోయి మూడో రోజే వెనక్కి తిరిగాం. ఈసారి కాగితం చెల్లినన్నాళ్లూ ఇక్కడే ఏదో ఏటి ఒడ్డున మకాం."

"ముప్పై రోజులేగా చెల్లేది. ఎప్పటిదాకా?"

"వచ్చే నెల పదకొండు."

"మా అక్క వీప్కె పుట్టినరోజు పది."

"అయ్యో, అవునా?"

"నటించకు. గుండ్రంగా కుర్చీలేసుకుని, పుట్టినరోజు అక్కదైనా వచ్చినవాళ్లందరికీ శుభాకాంక్షలు చెప్పి, ఒక్క కేకు ముక్కతో సాయంత్రం దాకా కూర్చోవడమంటే నీకు ఒళ్లు మంట."

"ఒట్టు, తారీఖు నేను పెట్టించలేదు. డాక్టరే రాశాడు."

"తెలుసు. డాక్టరుకి ఫోన్ చేసి ఆ తారీఖే రాయమన్నది నేనే."