వెనక నడిచే మనిషి

విత్తనం వేసే యంత్రాల షాపులో ఒక రైతు, షాపు యజమాని.

“మళ్ళీ గొలుసుదేనా బావా? హైడ్రాలిక్‌ది చూడమని మొత్తుకుంటుంటే!”

“గొలుసుదే. చక్రం తిరిగితే గొలుసు తిరుగుతుంది, గింజ పడుతుంది. ఆ నూనె గొట్టాలూ అవీ నాకెందుకు?”

“గొలుసు పట్టేస్తే ట్రాక్టరు మీదున్న నీకు తెలీదు, చాలంతా ఖాళీగా పోతుంది. హైడ్రాలిక్‌దానికైతే గింజ ఆగగానే నీ ముందే లైటు వెలుగుతుంది. ఒక్కడివే చేసుకోవచ్చు.”

“ఒక్కణ్ణే ఎందుకు చేసుకుంటాను? వెనక మీ అక్క నడుస్తుందిగా. గొలుసు చప్పుడు ఆగిందంటే చప్పట్లు కొడుతుంది.”

“అక్క... ఎలా ఉంది?”

“బాగుంది.”

“బాగుందా?”

“బాగుందన్నానా! కాస్త నీరసం. తొలకరికల్లా లేచి తిరుగుతుంది.”

“డాక్టరేమన్నాడు?”

“నువ్వు యంత్రాలు అమ్ముతావా, వైద్యం చేస్తావా?”

“బావా, నా మొహం చూసి చెప్పు.”

“తొలకరి దాకా ఉండదన్నాడు. చాలా? నన్నొక్కణ్ణే పక్కకి పిలిచి చెప్పాడు. దానికి తెలీదు.”

“మరి గొలుసుది ఎందుకు...”

“హైడ్రాలిక్‌ది ఇంటికి తోలుకెళ్తే, గుమ్మంలోంచి చూడగానే అర్థమైపోదూ, వెనక నడవడానికి తనుండదని? నా నోటితో నేనే చెప్పినట్టు కాదూ? పిచ్చిది, పొద్దున ‘చాళ్ళలో నడవాలి, కొత్త చెప్పులు తెచ్చిపెట్టు’ అంది. కొన్నాను కూడా. ఇదిగో, సంచిలో. నా వల్ల కావట్లేదురా... గొలుసుదే ఇచ్చెయ్. తర్వాత సంగతి తర్వాత.”

“ఇవ్వలేను బావా.”

“ఏం, నా డబ్బులు చెల్లవా?”

“నీ పేరు మీద హైడ్రాలిక్‌ది ఇప్పటికే బుక్కయింది. అదిగో, ఆ మూలనుంది.”

“నేను చెప్పందే ఎవరు చేశారు?”

“అడక్కు బావా. తీసుకెళ్ళిపో, అంతే.”

“ఎవరని అడుగుతున్నాను!”

“అక్క. పోయిన వారం, నువ్వు పొలంలో ఉన్నప్పుడు వచ్చింది. ఆటో దిగలేకపోతే యంత్రాన్ని వాకిట్లోకి లాగించాను. లైట్లన్నీ ఒకటికి రెండుసార్లు వెలిగించి చూపించమంది.”

“ఎందుకూ?”

“‘మీ బావ గొలుసుదే అడుగుతాడు, నువ్వే ఎలాగోలా ఒప్పించు. నాకంతా తెలుసని మాత్రం చెప్పకు, తట్టుకోలేడు’ అంది.”